పెద్ద రీలు కొన్నంత మాత్రాన పెద్ద చేప పడదు



హాస్టళ్ల నుంచి సెలవులకి ఊరొచ్చిన మనోళ్లు చాలామంది ఇప్పుడు ఫోన్లో చేపలు పట్టే ఆట ఆడుతున్నారు. ఆడొద్దని చెప్పడానికి ఈ పోస్టు రాయట్లేదు. నేనూ ఆడతాను. కానీ ఫిషింగ్ ప్లానెట్ లాంటి ఆటల్లో మనోళ్లు ఒక తప్పు మళ్లీ మళ్లీ చేస్తున్నారు. చేప తప్పించుకోగానే "రీలు చాల్లేదు" అని ఇంకా పెద్ద రీలు కొంటున్నారు. నేననేది ఏటంటే, చాలాసార్లు తప్పు రీలుది కాదు. కర్ర, లైను, రీలు, డ్రాగ్ ఈ నాలుగూ ఒకదానికొకటి కుదరకపోవడమే అసలు తప్పు.

నాకిది నష్టపోయాకే తెలిసింది. ఆటలో కూడబెట్టిన డబ్బంతా పోసి 10 కిలోల డ్రాగ్ ఉన్న రీలు కొన్నాను. లైను మాత్రం పాతదే, 4 కిలోలది. డ్రాగ్ పూర్తిగా బిగించి లాగాను. చేప ఒక్క గుంజు గుంజింది, లైను టప్పున తెగిపోయింది. చేపా పోయింది, ఎరా పోయింది. లైను తెగాక రీలు ఎంత పెద్దదైతే ఏటి లాభం?

డ్రాగ్ అంటే రీలుకి ఉండే బ్రేకు. చేప గట్టిగా లాగినప్పుడు లైను తెగకుండా కొంచెం కొంచెంగా వదిలేది అదే. నిజంగా గేలం వేసేవాళ్లు లైను బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా డ్రాగ్ పెట్టుకుంటారు. 4 కిలోల లైనుకి సుమారు ఒక కిలో అన్నమాట. ఆటలోనూ అక్కడే మొదలుపెట్టి, తెర మీద బరువు చూపించే గీతల్ని చూస్తూ కొంచెం కొంచెంగా బిగించండి.

కొనేటప్పుడు ముందు ఏ చేపకి వెళ్తున్నామో చూసుకోవాలి. దానికి తగ్గ కర్ర, కర్ర కంటే కొంచెం తక్కువ బలమున్న లైను, ఆ లైను సరిపడా పొడవు పట్టే రీలు తీసుకోవాలి. తెగితే లైనే తెగాలి, కర్ర విరక్కూడదు. నైలాన్ లైను సాగి గుంజుని ఓర్చుకుంటుంది. అల్లిన లైను సన్నగా ఉండి బలంగా ఉంటుంది గానీ సాగదు. దానికి డ్రాగ్ ఇంకొంచెం వదులుగా పెట్టాలి.

నాగావళి, వంశధార ఒడ్డున వెదురు కర్రతో గేలం వేసే మన పెద్దోళ్లకి రీలు లేదు. చేప లాగితే కర్ర వంగుతుంది, చెయ్యి ముందుకు సాగుతుంది, అవసరమైతే నీళ్లలోకి రెండడుగులు వేస్తారు. డ్రాగ్ చేసే పని కూడా అదే.

"పెద్ద చేపకి పెద్ద రీలు వద్దా?" అంటారేమో. కావాలి. కానీ మిగతా మూడూ దానితోపాటు పెరగాలి. ఒక్కటే పెంచితే డబ్బు దండగ.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇది ఆటలో డబ్బుతో ఆగట్లేదు. స్కాలర్‌షిప్ పడిన వారంలోనే గేమ్ కాయిన్లు కొన్న తమ్ముడొకడు నాకు తెలుసు. నెలాఖరుకి రికార్డు బుక్కులకి, బస్సు ఛార్జీకి అప్పు చేశాడు. వాడి సెట్ చూస్తే డ్రాగ్ చివరిదాకా బిగించి ఉంది! వదులు చేసుంటే పాత రీలే సరిపోయేది.

కాబట్టి కొనే ముందు ఒకసారి డ్రాగ్ తిప్పి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు. చేపలు తప్పిపోతున్నోళ్లు కర్ర, లైను, రీలు, డ్రాగ్ నాలుగింటి నంబర్లూ కింద రాయండి. ఎక్కడ కుదరట్లేదో కలిసి చూద్దాం.