కాలేజీ జట్టు పేరు

ఉప్పల్ పక్కనున్న నాచారం అనగానే పాతతరానికి ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియో గుర్తొస్తుంది. సొంత స్టూడియో దాకా సాగిన ఆ ప్రయాణంలో గుంటూరు ఏసీ కాలేజీ ఓ పెద్ద మజిలీ. అక్కడ చదివే రోజుల్లోనే జగ్గయ్య, ముక్కామల వంటి మిత్రులతో నాటకాలాడారు. ఆ జట్టు పేరు నేషనల్ ఆర్ట్ థియేటర్. 1953లో ‘పిచ్చి పుల్లయ్య’ తీసినప్పుడు సంస్థకు పెట్టుకున్నదీ ఆ పేరే. మరో పేరు వెతకనేలేదు!

‘మాయాబజార్’ (1957)లో ఆయన కృష్ణుడైతే దుర్యోధనుడు ముక్కామల. కయ్యమంతా తెరమీదే లెండి. ‘అప్పుచేసి పప్పుకూడు’ (1959)లో జగ్గయ్య తోడున్నారు.

1967లో జగ్గయ్య ఒంగోలు కాంగ్రెస్ ఎంపీ అయ్యారు. 1982లో ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు. రాజకీయాల్లో ఎవరి దారి వారిదే. ఆ పాత సినిమాల టైటిల్స్‌లో మాత్రం కాలేజీనాటి పేరు ఇప్పటికీ కనిపిస్తుంది.