నీలం రంగు కణాలు

మొన్న బీరకాయలు తరుగుతుంటే వేలు తెగింది. చిన్న గాటే. చిన్నప్పుడైతే పసుపు అద్దుకుని మూడోరోజుకి మరిచిపోయేవాణ్ణి. ఇప్పుడు 60 దాటాయి. రెండు వారాలైనా చురుక్కుమంటూనే ఉంది.

ఆ వేలు చూసుకున్నప్పుడల్లా జూడిత్ కాంపిసి గుర్తొస్తున్నారు. 2024 జనవరిలో, 75 ఏళ్ల వయసులో కన్నుమూసిన అమెరికా శాస్త్రవేత్త. ఆవిడ ముందు పట్టుకున్నది క్యాన్సర్‌ని, ముసలితనాన్ని కాదు. మన కణాలు కొన్నిసార్లు చీలాక ఇక చాలని ఆగిపోతాయని 1961లోనే హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త చూపించారు. అలా ఆగడం ఒంటికి రక్ష. దెబ్బతిన్న కణం చీలడం మానేస్తే కణితి అవదు కదా. ఆ రక్ష సంగతి చూద్దామని వెళ్లి, ఆవిడ వృద్ధాప్యం వాకిట్లో తేలారు.

ఆగిపోయిన కణాలు నీలంగా కనబడేలా ఒక రంగు పరీక్షను 1995లో ఆవిడ బృందం చూపించింది. వయసు మళ్లినవారి చర్మంలో ఆ నీలం ఎక్కువ. 2008 నాటికి మరో సంగతి బయటపడింది. ఈ కణాలు ఊరికే కూర్చోవు. వాపు పుట్టించే పదార్థాలను చుట్టూ వదులుతుంటాయి. ఆ సెగకి పక్క కణాలు దారి తప్పొచ్చు. వయసులో ఉండగా ఏ జబ్బుకి అడ్డు నిలిచాయో, పెద్దతనంలో దానికే చోటిస్తాయన్నమాట. ఇది చదివిన రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు నాకు.

ఒళ్లు బాగా పెరిగినవాళ్ల కొవ్వులోనూ ఈ ఆగిపోయిన కణాలు పోగుపడతాయట. అధిక బరువుకి 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో తేల్చింది. సెలవులు అయిపోయి బయల్దేరుతుంటే మా నాయనమ్మ 'కాస్త ఒళ్లు చేశావురా' అని మెటికలు విరిచేది. కరువు చూసిన మనిషి. ఒళ్లు చేయడం కూడా భయమయ్యే రోజొకటి వస్తుందని ఆమె అనుకుని ఉండదు.

కాంపిసి ఆ కణాల చెడు చూసి అక్కడితో ఆగలేదు. గాయమైనచోట ఇవే కణాలు కొన్నాళ్లు పుట్టి, మానడానికి చేయందించి, వెళ్లిపోతాయని 2014లో ఎలుకల్లో ఆవిడ బృందమే చూసింది. వెళ్లకుండా ఉండిపోతేనే చిక్కు. ఒకే కణంలో ముందు మంచి, తర్వాత చెడు, మళ్లీ మంచి కనబడుతుంటే, దేన్నీ కాదనకుండా అన్నేళ్లు చూస్తూ కూర్చున్న ఆ ఓపిక మీద నాకెంతో గౌరవం.

ఇవాళ పొద్దున కట్టు విప్పాను. గాటు అంచులు దగ్గరికొచ్చాయి. మధ్యలో సన్నగా, లేత గులాబీ రంగులో కొత్త చర్మం.