ఇటుకపొడి మీద ఆట

ఆమదాలవలస నుంచి ఒక పాఠకురాలు ఇలా రాసింది: "మా బడి ఆవరణలో వల కట్టి టెన్నిస్ ఆడుతున్నాం. మాకు సిమెంటు కోర్టు లేదు, ఉన్నదంతా మట్టినేలే. మట్టిలో ఆడితే ఆట రాదని మా అన్నయ్య వెక్కిరిస్తాడు. నిజమేనా?"

ముందుగా అన్నయ్యకు పారిస్ నగరం సంగతి చెప్పాలి. ప్రపంచంలోని నాలుగు పెద్ద టెన్నిస్ పోటీలలో ఒకటి ఏటా వేసవిలో అక్కడ రోలాఁ గారోస్ అనే ఆటస్థలంలో జరుగుతుంది. (గారోస్ టెన్నిస్ వీరుడు కాడు, విమాన చోదకుడు! 1913లో మధ్యధరా సముద్రాన్ని ఎక్కడా ఆగకుండా దాటిన మొదటివాడు.) అక్కడ ఆడేది గడ్డి మీద కాదు, సిమెంటు మీదా కాదు. ఎర్ర ఇటుకలను మెత్తగా దంచిన పొడి మీద!

ఆ పొడి మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాని కింద సున్నపురాతి పొడి, ఆ కింద బొగ్గు కాలగా మిగిలిన గట్టి బూడిద, అన్నిటికీ అడుగున కంకర ఉంటాయి. సున్నపురాయి తడిని పట్టి ఉంచుతుంది, కంకర ఎక్కువైన నీటిని కిందికి పోనిస్తుంది. నేల ఎండితే పొడి గాలికి లేచిపోతుంది కనక, పనివాళ్ళు రోజూ నీళ్ళు చల్లుతారు.

ఈ పద్ధతి పుట్టుకకు ఒక కథ ఉన్నది. 1880లో రెన్‌షా అనే ఇంగ్లీషు అన్నదమ్ములు ఫ్రాన్సు దక్షిణ తీరాన ఆడుతూ ఉంటే, ఎండకు గడ్డి మాడిపోయిందట. అప్పుడు వాళ్ళు పక్క ఊరి కుమ్మరులు పారేసిన కుండలను పొడి చేయించి నేల మీద చల్లించారట. కుండపెంకుకు అంతకంటె గొప్ప యోగం ఎన్నడూ పట్టి ఉండదు!

ఇటుకపొడి మీద ఆట వేరుగా ఉంటుంది. కావాలంటే మీరే చూడండి. రబ్బరు బంతిని నున్నటి గచ్చు మీద ఏటవాలుగా విసరండి. అది కిందుగా జారి పోతుంది. తరవాత గట్టినేల మీద పలచగా ఇటుకపొడి చల్లి, అలాగే విసరండి. గరుకునేల బంతిని పట్టి ఆపుతుంది. అంచేత దాని వేగం తగ్గుతుంది, అది ఎత్తుగా లేస్తుంది. అవతలివాడికి అందుకునే వ్యవధి దొరుకుతుంది. ఒక్క దెబ్బతో ఆట ముగియదు. ఓపికా, ఉపాయమూ ఉన్నవాడే గెలుస్తాడు. పైగా బంతి పడినచోట మచ్చ పడుతుంది. తగవు వస్తే న్యాయనిర్ణేత కుర్చీ దిగి వచ్చి ఆ మచ్చను చూసి తీర్పు చెబుతాడు.

ఇక మన హైదరాబాదు సంగతి. అక్కడ పెరిగిన సానియా మీర్జా ఆరేళ్ళ వయసులో రాకెట్టు పట్టింది. చిన్నప్పుడు తాను ఆడిన కోర్టులు పేడతో చేసినవని ఆమే చెప్పింది. ఇందులో నవ్వవలసిందేమీ లేదు. మీ వైపు వరి నూర్పులకు ముందు కళ్ళం ఎందుకు అలికేవారో మీ తాతగారిని అడగండి. పేడలోని సన్నని పీచు మట్టిని పట్టి ఉంచుతుంది. నేల బీటలు వారదు, దుమ్ము లేవదు. పారిస్‌లో నీళ్ళు చల్లి సాధించేదీ ఇంచుమించు ఇదే.

ఆ సానియా 2012లో మహేశ్ భూపతితో జతకట్టి, పారిస్ ఇటుకపొడి మీద మిశ్రమ జంటల పోటీ ఫైనలు ఆడింది. మొదటి సెట్టు హోరాహోరీగా సాగి 7-6తో ముగిసింది. రెండవది 6-1. గెలుపు వీరిదే. ఆ రోజు, జూన్ 7, భూపతి పుట్టినరోజు కూడాను. అతను 1997లో జపాను అమ్మాయి రికా హిరాకితో కలిసి అక్కడే మిశ్రమ జంటల పోటీ గెలిచాడు. నాలుగు పెద్ద పోటీలలో ఒకదానిని గెలిచిన మొదటి భారతీయుడు అతనే.

కనక, అమ్మాయీ, ఆట మానకండి. రాళ్ళు ఏరి, సాయంత్రాలు నీళ్ళు చల్లండి. ఆట అయ్యాక ఒక గోనెపట్టాను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఈడ్చి, అడుగుల గుర్తులు చదును చెయ్యండి. పారిస్‌లోనూ అంతే చేస్తారు, కాకపోతే గోనెకు బదులు వల ఈడుస్తారు. ఆ ఈడ్చే పని మీ అన్నయ్యకు అప్పగించవచ్చు.