కవిలెకట్ట ఎవరి చేతిలో?

కొలువు చేయుచు విద్య గడించుట మనకు నిన్న మొన్న వచ్చిన అలవాటు కాదు. నెల్లూరున మనుమసిద్ధి మంత్రిగా రాజ్యభారము మోసిన తిక్కన సోమయాజియే పదునైదు పర్వముల భారతమును తెనిగించెను. రాచకార్యము ఆయన కలమునకు అడ్డు రాలేదు. రాయబారపు ఘట్టములలోని లోకజ్ఞతను చూచినచో, కొలువే ఆయనకు కొంత నేర్పియుండుననిపించును. అయినను నేడొక యువకుడు పగలెల్ల పనిచేసి రాత్రి సమాచార వ్యవస్థలు, వ్యాపార నిర్వహణ చదువుచున్నాడన్నచో, ‘రెంటికి చెడ్డ రేవడి’ యని పెదవి విరుచువారే మనలో ఎక్కువ. ఈ తీర్పు న్యాయమైనది కాదని నా మనవి.

తోటపల్లి గూడూరు మండలమునే చూడుడు. ఒక వంక వరిమళ్లు, ఒక వంక రొయ్యల గుంటలు, కోడూరు కడ సముద్రము. పొరుగున ముత్తుకూరు వైపు కృష్ణపట్నము రేవు. ఇట్టి చోట గిడ్డంగి గుమాస్తాకో, మిల్లు లెక్కలు వ్రాయువానికో ఈ చదువెందుకు? జీతము పెరుగుటకని అందరును చెప్పు సమాధానము. అది తప్పు కాదు. కాని అంతకు మించిన అక్కర ఒకటి కలదు.

సమాచార వ్యవస్థ యను పేరు కొత్తది, వస్తువు పాతది. ఏ సర్వే నంబరున ఎంత విస్తీర్ణము, ఏ పైరు, ఏ నీటి ఆధారము అని కరణము అడంగలున వ్రాసినది సమాచార వ్యవస్థయే. వర్తకుని చిట్టా, ఆవర్జాలును అట్టివే. అయితే కవిలెకట్ట చదువగలవాడు ఒక్కడు, చదువలేనివారు ఊరంతయు. పెత్తనము పుట్టినది అచ్చటనే. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణీకమును రద్దు చేసినది. 2015లో అడంగలు ‘మీ భూమి’ పేర కంప్యూటరు తెరమీదికి వచ్చినది. కవిలెకట్ట ఇప్పుడు అందరి కన్నులకు కనబడుచున్నది. కాని ఏ గడిలో ఏమి చేరవలెను, తప్పు పడినచో దానిని దిద్దు దారి యేది, ఆ దారిని ఏర్పరచినవారెవరు అనునవి ఎందరికి తెలియును? కట్ట మారినది; తెలిసినవాడు ఒకడు, తెలియనివారు పదుగురు అను లెక్క మాత్రము మారలేదు.

రొయ్యల గుంటనే తీసికొందము. నేడు మేత ఎంత వేసినది, చెక్ ట్రేలో ఎంత మిగిలినది, నీటిలో ప్రాణవాయువు ఎంత కలదు, ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగినవి అని రైతు నోటుపుస్తకమున వ్రాసికొనును. పట్టుబడి నాడు కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో ఆ కౌంటును బట్టి ధర. రైతు చేత ఒక గుంట లెక్క. కొనువాని కంప్యూటరున అనేక గుంటల లెక్కలు. ఇట్టి బేరమున త్రాసు ఎటు మొగ్గునో వేరుగ చెప్పనక్కరలేదు. నలుగురు రైతుల నోటుపుస్తకములను ఒకచోట చేర్చి, మేత వృథా యెచ్చట అగుచున్నదో, ఎప్పుడు పట్టిన లాభమో చెప్పగల బిడ్డ ఆ ఊరిలోనే యుండవలెను. అట్టివాడు పని మాని పట్టణమునకు పోయి చదువజాలడు. పని విడువక చదువువాడే కావలెను.

తలుపులు తెరచుకొనక పోలేదు. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. దేశమున అదియే మొదటిది. 1991లో దానికి అంబేద్కరు పేరు పెట్టిరి. 1985లో ఢిల్లీలో ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము వచ్చినది. గుర్తింపు పొందిన దూరవిద్యా పట్టములు రెగ్యులరు పట్టములతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో మరల స్పష్టపరచినది. అయినను రెండు గడపలు ఎత్తుగానే యున్నవి.

మొదటిది భాష. తెలుగున పాఠ్యగ్రంథములు రావలెననియే 1968లో తెలుగు అకాడమి పుట్టినది. చరిత్ర, రాజనీతి వంటి విషయములలో సార్వత్రిక విద్యాలయపు తెలుగు పాఠములను పోటీ పరీక్షలవారు సైతము వెదకి చదువుదురు. కంప్యూటరు శాస్త్రమునకు, వ్యాపార నిర్వహణకు వచ్చుసరికి చేతికందునవి చాలవరకు ఆంగ్ల గ్రంథములే. రేవు కాగితములు ఆంగ్లమున నడచునని నేనెరుగుదును, ఆంగ్లము వలదనను. డేటాబేసును డేటాబేసనియే యనుడు. అది చేయు పని యేదో మాత్రము తెలుగున చెప్పుడు. గుంటనీటి గుణమును తడుముకొనక వివరించు రైతుబిడ్డ పుస్తకము తెరవగానే మూగవోయినచో, లోపము వాని బుద్ధిది కాదు.

రెండవది, వాని పనిని చదువుగా లెక్కింపకుండుట. ప్రాజెక్టు నివేదికలను దుకాణమున కొని సమర్పించు తంతు ఎందరెరుగరు? దానికి మారుగా తన గిడ్డంగిలో సరకు నిలువ యేల పెరుగుచున్నదో, తన మిల్లులో నూక యెంత పోవుచున్నదో వ్రాయుమనుడు. ఆ వ్రాత పరీక్షకునికి మార్కుల కాగితము, యజమానికి లాభము. లాభము పొందు యజమాని పరీక్షనాడు సెలవీయుటకు వెనుకాడుట ధర్మము కాదు. ఇంటి చాకిరియు, బయటి కొలువును ముగించి పుస్తకము పట్టు స్త్రీల విషయమున ఈ మాట మరింత వర్తించును.

అలసట నిజము. నడుమ మానివేయువారు కలరనుటయు నిజము. అందువలననే వారి భారమును తగ్గింపవలెను గాని, వారి పూనికను నవ్వులపాలు చేయరాదు. ఒకనాడు కవిలెకట్ట ఒక్క ఇంటి అటుకపై నుండెను. నేటి కవిలెకట్ట ఏ అటుకపైకి చేరవలెనో నిర్ణయించునది ఈ రాత్రి చదువులే.