ఆజాద్ వీసా: ఎవరికి ఆజాదీ?

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి - మా ఉత్తర తెలంగాణ వలసల చరిత్ర ఈ మూడు మాటల్లో ఇమిడిపోతుంది. ఆ మూడవ మాటకు తోడుగా వచ్చిన ఇంకొక మాట మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. అది 'ఆజాద్ వీసా'.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో దీన్ని ఎరుగనివారు అరుదు. కంపెనీ వీసా అయితే ఒక్కచోటే పడి ఉండాలి, ఆజాద్ వీసా అయితే నచ్చినచోట నచ్చిన కూలికి పని పట్టుకోవచ్చు, నీకు నీవే సేఠ్‌వి అంటాడు ఏజెంటు. నిజానికి అటువంటి వీసా చట్టంలో లేదు. కాగితం మీద ఒక కఫీల్ ఉంటాడు. మనవాడు అతని ఇంట డ్రైవరనో తోటమాలి అనో రాసి ఉంటుంది. పేరు అరువిచ్చినందుకు ఏటేటా కఫీల్‌కు ముడుపు కట్టి, మనవాడు బయట ఎక్కడో గోడలకు ప్లాస్టరింగ్ చేస్తుంటాడు.

గల్ఫ్‌లో ఆదాయపు పన్ను లేదని గొప్పగా చెబుతారు. సౌదీలో 2018 నుండి కంపెనీలు ఒక్కొక్క విదేశీ కార్మికుడి తలకు నెలనెలా సుంకం కట్టాలన్నారు. 2020 నాటికి అది 700, 800 రియాళ్ళయింది. చట్టం దాన్ని యజమాని మీద వేసింది. ఆజాద్ మనిషికి యజమాని ఎవరు? అకామా ఖర్చూ, సుంకమూ, పని దొరకని నెల తిండీ అన్నీ అతని జేబులోంచే. యజమాని బరువులన్నీ ఉన్నాయి, హక్కు ఒక్కటీ లేదు. పరంజా మీది నుండి పడితే కాగితం మీది యజమాని "నా ఇంట పడలేదు" అంటాడు, పని చేయించుకున్నవాడు "నా మనిషి కాదు" అంటాడు. కఫీల్‌తో మాట పెరిగి అతను 'హురూబ్' రాయించాడా, మనవాడు పారిపోయినవాడి కింద లెక్క. మావాళ్ళ భాషలో ఖల్లివెల్లి.

2021లో సౌదీ ఉద్యోగం మారే వీలు కల్పించింది గాని, ఇంటిపనివారిని అందులోంచి మినహాయించింది. మన ఆజాద్‌లలో ఎందరో ఆ ఇంటిపని పేరిట వెళ్ళినవారే! బహ్రెయిన్ 2017లో కఫీల్ అక్కరలేని ఫ్లెక్సీ పర్మిట్ తెచ్చి, నెలకు 30 దినార్ల రుసుము పెట్టింది. కఫీల్ ముడుపు సర్కారుకు మళ్ళిందన్నమాట. 2022లో దాన్నీ ఎత్తివేశారు.

అమెరికా మిత్రులు జాలిపడి ఊరుకోవద్దు. హెచ్‌1బీ మీద ఉన్నవాడు స్వతంత్ర కాంట్రాక్టరుగా పనిచేయరాదు గనుకనే కదా, కాగితం మీద కన్సల్టెన్సీ, పని వేరొకరి ఆఫీసులో, మధ్యలో గంటకింతని కోత! తేడా ఒక్కటే. బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఎగవేస్తే అక్కడ ఫిర్యాదుకు చోటుంది. ఖల్లివెల్లి ఫిర్యాదు చేయబోతే ముందు పట్టుబడేది తానే.

ఇంత జరిగినా మన పత్రికల్లో కనబడేది "అత్యాశకు పోయి మోసపోయిన యువకుడు". రెండెకరాల మెట్ట, ఎండిన బోరు, ముదిరిన మిత్తి ఉన్నవాడిది అత్యాశట! రిజిస్ట్రేషను లేకుండా మనుషులను విదేశీ పనికి పంపడం నేరమని 1983 ఎమిగ్రేషన్ చట్టమే చెప్పింది. ఏజెంటు తీసుకోదగినది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ అని నియమాలున్నాయి. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు తెచ్చింది. ఇవ్వవలసిందే, కాదనను. కాని శవపేటిక దిగిన ఊళ్ళోనే ఆ వీసా అమ్మినవాడు మేడ మీద మేడ కడుతున్నాడు. ఆ ఇంటి దారి ఊరందరికీ తెలుసు, ఠాణాకు తప్ప.