బిల్లు మీద పేరు

పోయిన ఏడాది ఒక మిత్రురాలు కథ రాసింది. ఇర్వింగ్‌లో కొత్తగా దిగిన జంట. అపార్ట్‌మెంట్ ఆఫీసులో తాళాలు చేతికివ్వాలంటే ముందు కరెంటు ఖాతా నంబరు చెప్పమంటారు. కరెంటు కంపెనీకి ఫోన్ చేస్తే సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. అది ఇంకా రాలేదు. పాస్‌పోర్టు చాలంటారు గానీ డిపాజిట్ కట్టమంటారు. ఆగస్టు ఎండ, నాలుగు సూట్‌కేసులు, ఆకలికి ఏడుస్తున్న పాప. కథంతా ఆ ఒక్క మధ్యాహ్నమే.

ఒక పత్రికకి పంపింది. రెండు ముక్కల్లో జవాబొచ్చింది. కథనం బావుందట, కానీ ఇది వట్టి అనుభవం, సాహిత్యం కాదట. మాతృభూమికి దూరమైన వేదన ఇంకొంచెం లోతుగా ఉంటే చూస్తారట.

ఆ లోతు ఎలా ఉంటుందో మనకి తెలుసు. కిటికీ బయట మంచు, ఫోన్లో అమ్మ గొంతు, ఆవకాయ జాడీ, చివర్లో గోదారి. ఏడాదికి రెండు మూడు రోజులు మంచు పడితే అదే వార్త అయ్యే డాలస్ నుంచి కూడా మంచు కథలే వస్తాయి. అదే డాలస్‌లో దిగిన ప్రతి తెలుగువాడూ మొదటి వారంలో చేసే పని కరెంటు కనెక్షన్ తీసుకోవడం. దాని మీద కథ వస్తే మాత్రం వెనక్కి వెళ్తుంది.

నేను కథకుణ్ణి కాను. పోలవరంలో పుట్టి, కాకినాడలో ఇంజినీరింగ్ చదివి, కోడ్ రాసి బతికేవాణ్ణి. ఖాళీ దొరికితే చదువుతాను, చదివినదాని గురించి రాస్తాను. చదివేవాడిగానే అంటున్నాను: పరాయి దేశం మనిషిని నిజంగా పలకరించే చోటు కిటికీ కాదు, కరెంటు మీటరు.

అక్కడ ఏం జరుగుతుందో చూడండి. టెక్సస్‌లో ఎక్కువ భాగం 2002 నుంచి కరెంటు అమ్మకం పోటీకి వదిలేశారు. స్తంభాలూ తీగలూ ఒకరివి. డాలస్ చుట్టుపక్కలయితే ఆంకార్ అనే సంస్థవి. బిల్లు వేసేవాళ్ళు వేరు, పదుల సంఖ్యలో ఉంటారు, వాళ్ళలో ఒకర్ని మనమే ఎంచుకోవాలి. ప్రతి ప్లానుకీ ఒక పట్టిక ఉంటుంది. నెలకి 500, 1000, 2000 యూనిట్లు వాడితే యూనిట్‌కి ఎంత పడుతుందో అందులో చూపించాలి. కొత్తవాళ్ళం 1000 దగ్గర అంకె చూసి మురిసిపోతాం. తిరకాసు అక్కడే. యూనిట్ 16 సెంట్లు, 1000 యూనిట్లు వాడితే 100 డాలర్ల తగ్గింపు అనే ప్లాను ఒకటి ఊహించుకోండి. 1000 వాడితే బిల్లు 60 డాలర్లు. 999 వాడితే దాదాపు 160. ఆ ఒక్క యూనిట్ ఖరీదు వంద డాలర్లు. మా ఉద్యోగంలో ఇలాంటిది కనిపిస్తే బగ్ అంటాం. అక్కడ దాన్ని ఆఫర్ అంటారు.

ఇప్పుడు మన ఊరి బిల్లు గుర్తు తెచ్చుకోండి. ఆంధ్రాలో 2022లో వచ్చిన టారిఫ్‌లో ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు యూనిట్‌కి రూపాయి 90 పైసలు. 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. సర్దుబాటు చార్జీల మీద మా వీధిలో తిట్లకేం కొదవలేదు గానీ, ఆ శ్లాబుల వెనక ఒక నీతి ఉంది: తక్కువ వాడేవాడి దగ్గర తక్కువ తీసుకో. పైన చెప్పినలాంటి ప్లానులో నీతి తిరగబడింది. ఒక గది, ఒక లైటు పెట్టుకుని పొదుపుగా బతికే విద్యార్థి యూనిట్‌కి ఎక్కువ కడతాడు, స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇంటాయన యూనిట్‌కి తక్కువ కడతాడు. రెండు సమాజాలు పేదవాణ్ణి ఎలా చూస్తాయో రెండు బిల్లులు చెప్పేస్తున్నాయి. ఇది సాహిత్యం కాదా? మరి సంస్కృతుల సంఘర్షణ అని సెమినార్లు పెట్టి మాట్లాడుకునేది దేని గురించి?

క్రెడిట్ హిస్టరీ సంగతి. మన ఇళ్ళల్లో అప్పు లేకపోవడం పరువు. మా నాన్న జీవితమంతా దాని గురించే చెప్పుకున్నాడు. ఇక్కడ అప్పే చేయనివాడూ, అప్పు ఎగ్గొట్టినవాడూ డిపాజిట్ కౌంటర్ దగ్గర ఒకే వరుసలో నిలబడతారు. ముప్ఫయ్యేళ్ళ పరువు ఒక్క ఫోన్ కాల్‌లో సున్నా అవుతుంది. ఆ సున్నా విన్నప్పుడు నాకు అమ్మ గుర్తు రాలేదు, ఆవకాయా గుర్తు రాలేదు. నాన్న గుర్తొచ్చాడు.

ఇక అసలు విషయం, పేరు. మొదటి బిల్లు నా పేరు మీద వచ్చింది. ఇంటర్నెట్టూ, అద్దె ఒప్పందమూ అంతే. నా భార్య హెచ్-4 మీద వచ్చింది. కొందరు హెచ్-4 భార్యాభర్తలకి 2015 నుంచి ఉద్యోగ అనుమతి దొరుకుతోంది, ఆమె ఆ కోవలోకి రాలేదు. అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరుండదు. ఆ నంబరు లేని మనిషి పేరున ఖాతా తెరవడం తలనొప్పని, మేమిద్దరం ఆలోచించకుండా అన్నిటికీ నా పేరే ఇచ్చేశాం. ఆరు నెలలయ్యాక లైసెన్సు కోసం ఆమె అడ్రస్ రుజువు వెతికితే తెలిసింది, ఆ ఇంట్లో ఆమె ఉంటున్నట్టు చెప్పే కాగితం ఒక్కటీ లేదని. నేను సంతకం పెడితే పని అయిపోయింది. ఆ రాత్రి ఆమె అంది, "నువ్వు సంతకం పెట్టకపోతే?" నవ్వుతూనే అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న ఎంతమంది ఆడవాళ్ళకి నవ్వుతూ అడగగలిగే ప్రశ్న కాదో ఆలోచించండి. ఇల్లు వదిలి వెళ్ళాల్సిన రోజు వస్తే బిల్లు మీద పేరు లేకపోవడం అంటే ఏమిటో ఆలోచించండి. స్త్రీ ఒంటరితనం మీద ఎన్ని కవితలైనా వేసుకునే పత్రికలు, ఆ ఒంటరితనం ఏ దరఖాస్తు ఫారంలో మొదలవుతుందో చెబితే మాత్రం పొడిగా ఉందంటాయి.

"ఇది రిపోర్టు, కళ ఎలా అవుతుంది?" అంటారు. సరే, గిరీశాన్ని పిలుద్దాం. కన్యాశుల్కం 1909 నాటి కూర్పులో తెర లేవగానే మనకి వినబడేది ఒక బాకీ గొడవ. సంతలో సరుకులు తెస్తానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకుపోయి ఖర్చు పెట్టేసిన మనిషి, ఊళ్ళోంచి ఎలా జారుకోవాలా అని ఆలోచిస్తుంటాడు. మన ఆధునిక సాహిత్యంలో అంతటి నాటకం తిండి బాకీతో మొదలైంది. గురజాడకి లేని సిగ్గు మనకెందుకొచ్చింది?

ఇంకో ఆక్షేపణ నాకు నేనే వేసుకున్నది. లక్షల జీతం తెచ్చుకునేవాడి కరెంటు కనెక్షన్ కూడా ఒక బాధేనా? న్యాయమైన మాట. దానికి మా మేనమామ ఇంటి నుంచి జవాబు చెబుతాను. ఆయనది దేవీపట్నం వైపు గోదారి ఒడ్డు పల్లె. పోలవరం ప్రాజెక్టు ముంపులో పోయింది. లెక్కల్లో అలా కదలాల్సిన కుటుంబాలు లక్ష పైచిలుకు, అందులో కోయలూ కొండరెడ్లూ ఎందరో. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పటికి మామయ్య వాళ్ళు పునరావాస కాలనీకి చేరిపోయారు. కొత్త ఇల్లు, కొత్త గోడలు. మీటరు మాత్రం చాన్నాళ్ళు ఆయన పేరు మీదకి రాలేదు. పాత ఊరి చిరునామా చెల్లదు, కొత్త చిరునామాకి రుజువు కరెంటు బిల్లే కావాలి. ఆ ప్రాజెక్టులో కడుతున్న జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 960 మెగావాట్లు. దానికి ఊరిచ్చిన మనిషి ఒక మీటరు కోసం తిరిగాడు.

నా కష్టమూ ఆయన కష్టమూ ఒకటి కాదు. నేను టికెట్ కొనుక్కుని వెళ్ళాను. ఆయన్ని నీళ్ళు తరిమాయి. నాకు వెనక్కి వెళ్ళడానికి ఊరుంది. ఆయనకి లేదు. కానీ ఇద్దర్నీ అడిగింది ఒకటే ప్రశ్న: నువ్విక్కడ ఉంటున్నట్టు రుజువేది? ఆ ప్రశ్న ఎంత బరువైనదో నాకు ఇర్వింగ్‌లో అర్థమైంది కాబట్టే మామయ్య గొడవ చెవికెక్కింది. అంతకుముందు ఆయన ఫోన్ చేస్తే "అవుద్దిలే మామయ్యా" అని పెట్టేసేవాణ్ణి. మంచు కథలు నూరు చదివినా నాకా చెవి రాలేదు.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు పోయింది. రాష్ట్రం ఒప్పుకున్న మరణాలే 246. టోకు ధర మెగావాట్ అవర్‌కి 9,000 డాలర్లు తాకింది, అంటే యూనిట్ 9 డాలర్లు. ఆ ధరతో ముడిపెట్టిన ప్లాన్లు తీసుకున్నవాళ్ళకి వేల డాలర్ల బిల్లులొచ్చాయి. ఆ వారం మా వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ మంచు మీద కవిత పెట్టలేదు. ఎవరింట్లో కరెంటుంది, పిల్లల్ని పంపొచ్చా అని అడిగారు. ఏ ప్లాను తీసుకున్నావని అడిగారు. ఆ మెసేజీలన్నీ వరసగా పెడితే నేను చదివిన ప్రవాస కథలు చాలావాటి కంటే బావుంటాయి.

ఆ సంగతి మామయ్యకి ఫోన్లో చెప్తే, చలి గురించి అడగలేదు. "ఒరేయ్, మీ ఇంటికి కరెంటు ఎవరి పేరున ఉంది?" అన్నాడు. నాదే అన్నాను. "అమ్మాయి పేరు కూడా ఎక్కించు" అన్నాడు.

ఎక్కించాను. ఇరవై నిమిషాల ఫోన్ కాల్. సంపాదకులకి నా మనవి కూడా అంతకంటే పెద్దది కాదు. ఈసారి అలాంటి కథ వస్తే, తిప్పి పంపేముందు మీ ఇంటి బిల్లు ఒకటి తీసి, దాని మీద ఎవరి పేరుందో, ఎవరి పేరు లేదో ఒక్కసారి చూడండి.