పెంకుటింటి చలువ

విజయనగరం జిల్లా కొత్తవలస విశాఖపట్నమునకు చేరువ. నగరము ఇటు పెరిగినకొలది పెంకుటిండ్లు కూలి శ్లాబు ఇండ్లు లేచుచున్నవి. వానకు కారెడు ఇల్లు పోయినదని సంతసింపని ఇల్లాలు లేదు. కాని వేసవిరాత్రి ఆ సంతోషమే చాప చంకబెట్టుకొని మేడమీది కెక్కుచున్నది.

కారణము తెలియనిది కాదు. కాంక్రీటు కప్పు పగలెల్ల ఎండవేడిమిని త్రాగి, ప్రొద్దు గ్రుంకిన పిదప గంటలకొలది దానిని గదిలోనికి దించును. పెంకు పలుచనిది, వేగమే కాగి వేగమే చల్లారును. పెంకుల సందులగుండ వేడిగాలి పైకి పోవును. వంగిన చూరు గోడపై ఎండ పడనీయదు. అదిగాక, కడలి తేమవలన చెమట ఆరని సీమ ఇది. గాలి కదలనిచో ఎంత మందపు గోడ యున్నను సుఖము లేదు.

అట్లని పెంకుటింటిని పొగడువారు దాని చాకిరిని దాచరాదు. ఏటేట తొలకరికి ముందు పెంకు నేయింపవలెను, చెదలు తిన్న వాసము మార్పింపవలెను. కోతులమూక దిగినచో మరల మొదలు! పాత స్కూటరు నడుపువారికి ఈ సంగతి క్రొత్త కాదు. బజాజ్ సంస్థ 2010 నాటికే పెట్రోలు స్కూటర్ల తయారీ మానినది. ఐనను కొన్ని బండ్లు ఇంకను నడచుచున్నవన్న, కార్బురేటరు విప్పి కడుగగల చేయి వీధిచివర నున్నందుననే. పెంకు నేయు చేతులకే కరవు వచ్చినది. ఆ పనివాని కొడుకు సెంట్రింగు పనికి పోవుచున్నాడు. కూలి అచ్చట హెచ్చు, తప్పు వానిది కాదు.

తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. శ్లాబుపై తెల్లపూత మేలే. కాని నిలిచియున్న పెంకుటింటిని కూల్చుటకు ముందు, ఒక్క వేసవిరాత్రి బడిపిల్లలచేత రెండువిధముల ఇండ్లలోను ఉష్ణమాపకములు వ్రేలాడదీయించి, తొమ్మిది గంటలకు చదివించుట మంచిది.